31 శాతంతో ఓటమి, 24 శాతంతో గెలుపు: కిక్కిరిసిన ప్రైమరీలో అంచనాల్లో లేని అభ్యర్థి

2021 నవంబరు 2న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 20వ నియోజకవర్గంలో డెమొక్రటిక్ పార్టీ తన అభ్యర్థిని ఎంచుకోవడానికి జరిపిన ప్రైమరీలో షీలా చెర్ఫిలస్-మెకార్మిక్‌కు 11,662 ఓట్లు, డేల్ హోల్నెస్‌కు 11,657 ఓట్లు వచ్చాయి. తేడా ఐదు ఓట్లు. బరిలో ఉన్నవారు పదకొండు మంది. ఓడిన హోల్నెస్ బ్రోవార్డ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) కమిషనరుగా ఉన్నవారు, ఆ కౌంటీ మేయరు పదవి కూడా చేసినవారు. గెలిచిన చెర్ఫిలస్-మెకార్మిక్ అప్పటికి ఏ పదవికీ ఎన్నిక కాలేదు. అదే స్థానానికి 2018లోనూ 2020లోనూ పోటీచేసి రెండుసార్లూ ఓడిపోయారు. మొదటిసారి ఆమెకు వచ్చినవి సుమారు 26 శాతం ఓట్లు, రెండోసారి దాదాపు 31 శాతం. మూడోసారి 24 శాతం కూడా నిండలేదు, ఓట్ల సంఖ్య కూడా 2020 కన్నా చాలా తక్కువ, అయినా గెలిచారు. ఇద్దరి పోటీలో ఓడిపోయే బలం పదకొండు మంది పోటీలో గెలుపుకు ఎలా సరిపోయిందన్నదే ఇక్కడి ప్రశ్న.

తెలుగు పాఠకుల కోసం ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. అమెరికాలో 'కాంగ్రెస్' అంటే పార్టీ కాదు, ఆ దేశపు పార్లమెంటు. అందులోని ప్రతినిధుల సభకు 435 నియోజకవర్గాల నుంచి సభ్యులు ఎన్నికవుతారు. మన దగ్గర పార్టీ టికెట్ ఎవరికన్నది అధిష్ఠానం తేలుస్తుంది, చేతికి బి-ఫారం అందేదాకా ఆశావహులు హైదరాబాదులోనో విజయవాడలోనో ఢిల్లీలోనో పడిగాపులు కాస్తారు. అక్కడ ఆ టికెట్‌ను ఓటర్లే బ్యాలెట్ ద్వారా ఇస్తారు, దాని పేరే ప్రైమరీ. చట్టం అడిగిన రుసుమో సంతకాలో సమర్పించిన ఎవరినైనా ఆపే అధికారం పార్టీ నాయకత్వానికి దాదాపుగా ఉండదు. ఫ్లోరిడాలో పార్టీ అభ్యర్థిగా ప్రతినిధుల సభకు పోటీ చేయడానికి రుసుము 10,440 డాలర్లు, అంటే సభ్యుడి వార్షిక వేతనంలో 6 శాతం. మేరీల్యాండ్‌లో అది 100 డాలర్లే. గుమ్మం అంత తక్కువ ఎత్తులో ఉన్న చోట ఇల్లు కిక్కిరిసిపోవడంలో వింత లేదు.

అయితే గుమ్మం ఎత్తు ఒక్కటే కారణమైతే ప్రతి రెండేళ్లకూ ప్రతి నియోజకవర్గంలోనూ జనం గుమిగూడాలి. అలా జరగదు. పదవిలో ఉన్న సభ్యుడు మళ్లీ పోటీ చేస్తున్నప్పుడు సొంత పార్టీలో పేరున్నవారు సాధారణంగా ఎదురు నిలవరు, నిలిచినా గెలవడం చాలా అరుదు. 20వ నియోజకవర్గానికి ఆల్సీ హేస్టింగ్స్ 1993 నుంచి ప్రాతినిధ్యం వహించారు, నియోజకవర్గాల సరిహద్దులూ సంఖ్యలూ మారినా ఆయన మారలేదు. 2021 ఏప్రిల్ 6న ఆయన క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఇరవై ఎనిమిదేళ్లుగా వంతు కోసం ఎదురుచూస్తున్న ఒక తరం స్థానిక నాయకులకు ఒకేసారి దారి తెరుచుకుంది. లాడర్‌హిల్, లాడర్‌డేల్ లేక్స్, రివియెరా బీచ్, బెల్ గ్లేడ్ వంటి పట్టణాలను కలుపుకొని బ్రోవార్డ్, పామ్ బీచ్ కౌంటీల మీదుగా పరచుకున్న ఈ నియోజకవర్గంలో నల్లజాతి ఓటర్లే ఎక్కువ, డెమొక్రాట్ల ఆధిక్యం తిరుగులేనిది. కాబట్టి అక్కడ ప్రైమరీ గెలవడమంటే సీటు గెలిచినట్టే. 2022 జనవరి 11న జరిగిన అసలు ఎన్నికలో డెమొక్రటిక్ అభ్యర్థికి దాదాపు 79 శాతం ఓట్లు రావడం ఎవరికీ వార్త కాలేదు. పైగా ఫ్లోరిడాలో ప్రైమరీ 'మూసిన' పద్ధతిలో జరుగుతుంది, ఆ పార్టీ ఓటరుగా నమోదైనవారే అందులో ఓటు వేయగలరు. లక్షల జనాభా గల నియోజకవర్గపు ప్రతినిధి ఎవరన్నది సుమారు 49,000 మంది వేసిన ఓట్లతో తేలిపోయింది.

ఫ్లోరిడాలో మరో నిబంధన ఉంది. ఒక పదవిలో ఉంటూ మరో పదవికి పోటీ చేసేవారు ముందుగానే, వెనక్కి తీసుకోవడానికి వీల్లేని రాజీనామా ఇవ్వాలి. హోల్నెస్‌తో పాటు మరో కౌంటీ కమిషనర్ బార్బరా షరీఫ్, రాష్ట్ర చట్టసభలో ఎగువ సభ సభ్యుడైన రాష్ట్ర సెనేటర్ పెర్రీ థర్‌స్టన్, దిగువ సభ సభ్యులైన రాష్ట్ర ప్రతినిధులు బాబీ డుబోస్, ఒమారి హార్డీ, ఈ ఐదుగురూ అలా ఉన్న కొమ్మను వదిలి దూకినవారే. చేతిలో పదవి లేని చెర్ఫిలస్-మెకార్మిక్ వదులుకోవలసింది ఏమీ లేదు. తెగించి రాజీనామా ఇచ్చినవారు పోటీ నుంచి తప్పుకుని మరొకరికి మద్దతు పలకడం కష్టం, ఎందుకంటే వెనక్కి వెళ్లడానికి స్థానం మిగల్లేదు. అభ్యర్థులను వడగట్టాలని పెట్టిన నిబంధన ఇక్కడ వారిని చివరిదాకా బరిలోనే కట్టిపడేసినట్టు కనిపిస్తుంది.

ఇక లెక్క చూద్దాం. హోల్నెస్‌కు దాదాపు 24 శాతం, షరీఫ్‌కు 18, థర్‌స్టన్‌కు 15, డుబోస్‌కు 7, హార్డీకి 6 శాతం చొప్పున ఓట్లు పడ్డాయి. అంటే పోలైన పది ఓట్లలో దాదాపు ఏడు ఎన్నికైన పదవిలో ఉన్న ఎవరో ఒకరికి వెళ్లాయి. అనుభవం ఉన్న నాయకుడినే పంపాలన్న అభిప్రాయం ఓటర్లలో ఉందనుకుంటే ఆ అభిప్రాయానికి భారీ ఆధిక్యం ఉంది, కానీ దానికి ఒక్క పేరు లేదు. ఒక్కొక్కరి వెనుక ఒక పట్టణం, ఒక శాసన నియోజకవర్గం, ఒక చర్చి వర్గం ఉన్నాయి, అవన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నవే. మన ఎన్నికల భాషలో చెప్పాలంటే ఓట్లు చీలాయి. బయటి అభ్యర్థికి మాత్రం తన మూలధనంలో వాటా అడిగే పోటీదారు లేరు. హైతీ మూలాలున్న కుటుంబాల్లో ఆమెకున్న ఆదరణ, రెండు ఓటముల ద్వారా వచ్చిన పేరు గుర్తింపు, 75,000 డాలర్ల లోపు ఆదాయం గలవారికి నెలకు 1,000 డాలర్లు ఇప్పిస్తానన్న నినాదం ఆమెవి మాత్రమే. పోటీదారులు పెరిగేకొద్దీ గెలుపు గీత కిందికి దిగుతుందని అందరూ అంటారు. అది నిజమే కానీ అందరికీ ఒకేలా దిగదు. ఇతరులు పంచుకోలేని ఓటు గుత్తగా ఉన్నవారికే అది అందే ఎత్తుకు వస్తుంది, మిగిలినవారి ఓటు గీత కన్నా వేగంగా కరిగిపోతుంది.

అంచనాల్లో లేని అభ్యర్థులలో ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. 'అంతమంది పోటీలో ఉన్నారు, 20 శాతం తెచ్చుకుంటే చాలు' అనే మాట ప్రతి చిన్న అభ్యర్థి ప్రచార కార్యాలయంలోనూ వినబడేదే. ఆ 20 శాతం ఎక్కడుందో, ఏ వీధుల్లో ఉందో, ఎవరు అడిగినా పక్కకు పోనిది ఎంతో చెప్పగలిగినవారు తక్కువ. ఫ్లోరిడా ప్రైమరీలోనూ మిగిలిన అభ్యర్థుల్లో పలువురు ఐదు శాతం కూడా దాటలేదు. గుంపు వారికి నిచ్చెన కాలేదు, గుంపులో కలిసిపోయారు.

ఈ ఫలితానికి మరో మూలం ఫ్లోరిడా చట్టంలో ఉంది. ఒకప్పుడు ఆ రాష్ట్రంలో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య రెండో ప్రైమరీ జరిగేది. 2002లో దాన్ని తాత్కాలికంగా పక్కనపెట్టారు, 2005లో పూర్తిగా రద్దు చేశారు. అది ఉండి ఉంటే చెర్ఫిలస్-మెకార్మిక్, హోల్నెస్ కొన్ని వారాల తర్వాత మళ్లీ తలపడేవారు. టెక్సస్, జార్జియా, అలబామా, మిసిసిపి, సౌత్ కరోలినా, ఆర్కన్సా, ఓక్లహోమా రాష్ట్రాల్లో నేటికీ సగం దాటని విజేతకు రెండో పరీక్ష తప్పదు. నార్త్ కరోలినాలో గీత 30 శాతం దగ్గర ఉంది, అక్కడ కూడా రెండో స్థానంలో నిలిచినవారు కోరితేనే మళ్లీ పోలింగ్. మెయిన్ రాష్ట్రంలో ఓటరు తన ఇష్టాలను వరుసక్రమంలో రాస్తారు కాబట్టి చిన్న అభ్యర్థికి వేసిన ఓటు వృథా కాకుండా రెండో పేరుకు చేరుతుంది. మిగిలిన చాలా రాష్ట్రాల్లో ఎవరికి ఒక్క ఓటు ఎక్కువొస్తే వారిదే టికెట్.

రెండో ప్రైమరీ ఉంటే బయటివారికి దారి మూసుకుపోతుందన్న అభిప్రాయం మాత్రం అంత బలమైనది కాదు. అదే ఫ్లోరిడా చరిత్ర దాన్ని కాదంటుంది. 1970లో కాంగ్రెస్‌లోని ఎగువ సభ అయిన సెనేట్ స్థానానికి డెమొక్రటిక్ ప్రైమరీలో నిలిచిన లాటన్ చైల్స్ రాష్ట్రవ్యాప్తంగా పెద్దగా ఎవరికీ తెలియని శాసనసభ్యుడు. చేతిలో డబ్బు లేక, రాష్ట్రపు వాయవ్య కొస నుంచి దక్షిణ దీవుల దాకా 1,003 మైళ్లు, అంటే దాదాపు 1,600 కిలోమీటర్లు, నడిచారు. 2003లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా సాగిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్రను ఎరిగిన తెలుగువారికి ఆ నడక ఏం చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు. చైల్స్ మొదటి ప్రైమరీలో మాజీ గవర్నర్ (అక్కడ మన ముఖ్యమంత్రి లాంటి పదవి) ఫారిస్ బ్రయంట్ వెనుక రెండో స్థానంలో నిలిచి, రెండో ప్రైమరీలో ఆయనను ఓడించి సెనేట్‌కు వెళ్లారు. 1978లో గవర్నర్ పదవికి పోటీచేసిన బాబ్ గ్రాహం కథ కూడా అంతే, మొదటి రౌండులో రెండో స్థానం, రెండో రౌండులో గెలుపు. రెండో రౌండు బయటి అభ్యర్థికి కొన్ని వారాల వెలుగును, ఒకే ఒక ప్రత్యర్థిని ఇస్తుంది. అందువల్ల తేడా బయటివారు గెలుస్తారా లేదా అన్నది కాదు. ఒకే రౌండు పద్ధతిలో గెలవడానికి గట్టి గుంపు చాలు, రెండు రౌండ్ల పద్ధతిలో ఆ గుంపును దాటి మిగతావారిని ఒప్పించాలి.

ఒకే రౌండు ఫలితాలకు ఇటీవలి సంవత్సరాల్లో ఉదాహరణలు చాలానే ఉన్నాయి. 2018లో మసాచుసెట్స్ 3వ నియోజకవర్గంలో పదిమంది పోటీలో లోరీ ట్రేహన్ 145 ఓట్ల తేడాతో, 22 శాతం లోపు ఓట్లతో గెలిచారు. 2020లో అదే రాష్ట్రం 4వ నియోజకవర్గంలో జేక్ ఆకిన్‌క్లాస్‌కు వచ్చినవి 22 శాతం పైచిలుకు, అక్కడ వామపక్షపు ఓటు జెస్సీ మెర్మెల్‌తో పాటు మరికొందరి మధ్య పంచుకుపోయింది. ఇష్టాల వరుసక్రమంలో ఓటు వేసే పద్ధతి తెద్దామా అని ఆ నవంబరులోనే మసాచుసెట్స్ ప్రజలను అడిగితే వారు వద్దన్నారు. 2022లో న్యూయార్క్ 10వ నియోజకవర్గంలో డాన్ గోల్డ్‌మన్ దాదాపు 26 శాతంతో గెలిచారు, యూ-లైన్ నియూ రెండు శాతం తేడాతో ఓడారు, అప్పటికే ప్రతినిధుల సభ సభ్యుడైన మాండేర్ జోన్స్ మూడో స్థానంలో నిలిచారు. న్యూయార్క్ నగరం మేయర్ ప్రైమరీకి వరుసక్రమపు ఓటును వాడుతుంది, అదే వీధుల్లోని అదే ఓటర్లకు కాంగ్రెస్ ప్రైమరీలో ఆ వీలు లేదు.

గుత్త ఓటు అనేది సామాజిక వర్గం రూపంలోనే ఉండనక్కరలేదు. 2024లో ఆరిజోనా 1వ నియోజకవర్గపు డెమొక్రటిక్ ప్రైమరీలో డాక్టర్ అమిష్ షా దాదాపు 24 శాతం ఓట్లతో గెలిచారు. రాష్ట్ర శాసనసభ్యుడిగా ఇంటింటికీ తిరిగి తలుపు తట్టడంలో పేరుపడ్డ ఆయనకు, టీవీ ప్రకటనలు గట్టిగా నడిపిన ప్రత్యర్థులు చెరపలేని పరిచయాలు ఉన్నాయి. నవంబరులో మాత్రం ఆయన రిపబ్లికన్ అభ్యర్థి చేతిలో ఓడారు. టికెట్ గెలిపించిన ఓటు సీటుకు చాలకపోవచ్చు, ఫ్లోరిడా 20లాగా ఏకపక్షం కాని చోట్ల ఇది చిన్న విషయం కాదు.

డబ్బు సంగతి ఇంకా చిక్కైనది. ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ఇవ్వగల విరాళానికి చట్టం పరిమితి పెట్టింది. 2021-22లో అది ఒక్కో ఎన్నికకు 2,900 డాలర్లు. అభ్యర్థి సొంత సొమ్ముకు పరిమితి లేదు, 1976లో బక్లీ కేసులో సుప్రీంకోర్టు అలాంటి పరిమితిని కొట్టివేసింది. ఇంటి వద్ద వైద్యసేవలు అందించే కుటుంబ సంస్థను నడిపిన చెర్ఫిలస్-మెకార్మిక్ తన ప్రచారానికి 30 లక్షల డాలర్లకు పైగా సొంతంగా అప్పుగా ఇచ్చుకున్నారు. ఆ సొమ్ము మూలం తర్వాత వివాదమైంది. కోవిడ్ టీకా సిబ్బంది కాంట్రాక్టులో ఆ సంస్థకు పొరపాటున ఎక్కువగా చేరిన 50 లక్షల డాలర్ల ప్రభుత్వ నిధులను మళ్లించి, కొంత భాగాన్ని 2021 ప్రచారానికి వాడారని 2025 నవంబరులో మయామీలోని ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ, అంటే కేసు పెట్టాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం, ఆమెపై అభియోగం మోపింది. ఆమె ఆ ఆరోపణలను తోసిపుచ్చారు. కేసు సంగతి ఎలా ఉన్నా, పదకొండు మంది పోటీలో ఐదు ఓట్ల తేడాను చూస్తూ ఆ ప్రచారంలో ఖర్చయిన ఏ డాలరూ లెక్కలోకి రాదని చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

అయినా డబ్బుంటే ప్రైమరీ దక్కుతుందన్న సూత్రం నిలబడదు, దానికి మేరీల్యాండ్ సాక్ష్యం. టోటల్ వైన్ అండ్ మోర్ మద్యం దుకాణాల యజమాని డేవిడ్ ట్రోన్ 2016లో 8వ నియోజకవర్గపు ప్రైమరీలో కోటీ 30 లక్షల డాలర్లకు పైగా సొంత సొమ్ము కుమ్మరించి సుమారు 27 శాతంతో ఆగిపోయారు. టకోమా పార్క్, సిల్వర్ స్ప్రింగ్ ప్రాంతంలో రాష్ట్ర సెనేటరుగా పాతుకుపోయిన జేమీ రాస్కిన్ 34 శాతానికి చేరువై గెలిచారు. డబ్బు పేరును మోసుకెళ్లింది, పునాదిని కొనలేకపోయింది. రెండేళ్లకు ట్రోన్ పక్కనున్న 6వ నియోజకవర్గంలో దిగారు. అక్కడ ఆయనకు ఎదురు నిలిచినవారిలో ప్రధానమైనవారు హైదరాబాదులో పుట్టిన తెలుగు మహిళ అరుణా మిల్లర్, పుట్టింటి పేరు కాట్రగడ్డ.

ఏడేళ్ల వయసులో, 1972లో, అమెరికా చేరిన అరుణ సివిల్ ఇంజనీరుగా మాంట్‌గొమరీ కౌంటీ రవాణా విభాగంలో పాతికేళ్లు పనిచేసి, 2011 నుంచి 2019 దాకా రాష్ట్ర శాసనసభలో ఉన్నారు. డెమొక్రటిక్ మహిళా అభ్యర్థులకు అండగా నిలిచే ఎమిలీస్ లిస్ట్ వంటి జాతీయ సంస్థ ఆమెను బలపరిచింది. కాబట్టి ఆమెను ఊరూ పేరూ లేని అభ్యర్థి అనలేం, కానీ ఆ ఏడాది ప్రచారంలో కోటి డాలర్లకు పైగా సొంత సొమ్ము పెట్టిన ప్రత్యర్థి ముందు ఆమె చేతిలోనివి దాతల చెక్కులే. ఎనిమిది మంది పోటీలో ట్రోన్‌కు 40 శాతం, అరుణకు సుమారు 31 శాతం వచ్చాయి. వైద్యురాలు, నవలా రచయిత్రి నాదియా హాషిమీ, రాష్ట్ర సెనేటర్ రోజర్ మానో చెరి పది శాతం పైన తెచ్చుకున్నారు. ఆ ఇద్దరి ఓట్లు కలిపితే ట్రోన్‌కూ అరుణకూ మధ్యనున్న తేడా కన్నా రెండింతలు. దీన్ని బట్టి వారు తప్పుకుంటే ఆమె గెలిచేవారని తేల్చడం తొందరపాటు. మానోకు ఓటేసిన కార్మిక సంఘాల సభ్యులు, హాషిమీకి ఓటేసినవారు రెండో పేరుగా ఎవరిని తలచుకున్నారో ఒకే ఒక గుర్తు పెట్టే బ్యాలెట్ చెప్పదు. ఒక్కటి మాత్రం కనిపిస్తుంది. అరుణ, మానో ఇద్దరూ మాంట్‌గొమరీ కౌంటీ నుంచి రాష్ట్ర రాజధాని అన్నపోలిస్ వెళ్లిన శాసనకర్తలే. ఫ్లోరిడాలో పదవిలో ఉన్నవారు ఒకరి ఓటును ఒకరు తిన్నట్టే ఇక్కడా ఒకే కంచంలో చేతులు పడ్డాయి, ట్రోన్ కంచం వేరు.

తెలుగు అభ్యర్థి అనగానే తెలుగువారి ఓట్లు, తెలుగువారి విరాళాలు అన్న ఊహ సహజంగా వస్తుంది. రెండింటికీ హద్దులున్నాయి. ఫెడరల్ ఎన్నికల్లో పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవారు మాత్రమే విరాళం ఇవ్వగలరు. హెచ్-1బి వీసాపై ఉన్నవారు ఒక్క డాలరు ఇచ్చినా చట్టవిరుద్ధమే, జీతం లేకుండా కార్యకర్తలుగా పనిచేయడానికి మాత్రం అడ్డు లేదు. పన్ను మినహాయింపు పొందే స్వచ్ఛంద సంఘాలు ఏ అభ్యర్థినీ బలపరచకూడదు, అందుకే పెద్ద సంఘాల సభల్లో కనిపించే అభ్యర్థుల ఫొటోలకు అధికారికంగా ఏ అర్థమూ లేదు. విరాళాలకు దేశమంతా తలుపులు తెరిచే ఉంటాయి, డాలస్ నుంచీ న్యూజెర్సీ నుంచీ చెక్కులు రావచ్చు. ఓటు మాత్రం ఆ నియోజకవర్గంలోనే ఉండాలి. కిక్కిరిసిన ప్రైమరీలో సముదాయం చెదిరి ఉన్న అభ్యర్థికి డబ్బు చేరుతుంది, గుత్త ఓటు చేరదు. అరుణకు దారి చూపించింది వేరే పోటీ. 2022లో గవర్నర్ అభ్యర్థి వెస్ మూర్ ఆమెను తన జోడీగా ఎంచుకున్నారు. అప్పుడూ ప్రైమరీ కిక్కిరిసే ఉంది, మూర్ దాదాపు మూడో వంతు ఓట్లతో గెలిచారు. 2023 జనవరి 18న ఆమె మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నరుగా, అంటే గవర్నర్ తర్వాతి స్థానంలో, ప్రమాణం చేశారు. ట్రోన్ 2024లో సెనేట్ ప్రైమరీలో 6 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి ఏంజెలా ఆల్సో‌బ్రూక్స్ చేతిలో ఓడిపోయారు.

గెలిచే ఉద్దేశం లేకుండా బరిలో దిగేవారూ ఉంటారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు మూకుమ్మడిగా నామినేషన్లు వేసి నిజామాబాద్ బరిని 185 మందితో నింపింది గెలవడానికి కాదు, తమ గోడు వినిపించడానికి. అమెరికన్ ప్రైమరీల్లోనూ ఒక విషయాన్ని చర్చలోకి తేవడానికో, వచ్చేసారికి పేరు నాటడానికో నిలబడేవారు ఉంటారు. చెర్ఫిలస్-మెకార్మిక్ మొదటి రెండు పోటీలను ఇప్పుడు వెనక్కి చూస్తే విత్తనంలాగే కనబడతాయి, ఆ సమయంలో వాటిని అలా చూసినవారు ఎందరో చెప్పలేం. పాతికేళ్లు సభలో ఉన్న నాయకుడిపై 31 శాతం తెచ్చుకున్న అభ్యర్థికి, ఆయన లేని రోజున తన పేరును ఓటరుకు కొత్తగా పరిచయం చేసే పని ఉండదు.

ఐదు ఓట్ల ఫలితంపై యంత్రాలతోనూ చేతితోనూ మళ్లీ లెక్కింపు జరిగింది, తేడా మారలేదు. హోల్నెస్ కోర్టుకు వెళ్లినా ఫలితం నిలిచింది. 2022 ఆగస్టు ప్రైమరీలో ఇద్దరూ మళ్లీ తలపడ్డారు. ఈసారి బరిలో పదకొండు మంది లేరు, ముగ్గురే. ఆమె అప్పటికి ఏడు నెలల సభ్యురాలు. రాజీనామా చేసిన హోల్నెస్ చేతిలో పదవి లేదు. ఆమెకు దాదాపు 66 శాతం, ఆయనకు 29 శాతం ఓట్లు వచ్చాయి. ముందరి ఏడాది షరీఫ్‌కు, థర్‌స్టన్‌కు, డుబోస్‌కు ఓటేసినవారు రెండో ప్రైమరీ జరిగి ఉంటే తప్పకుండా హోల్నెస్ వైపే వచ్చేవారని నమ్మినవారికి ఈ అంకెలు ఇబ్బందికరమైనవి. అయితే అప్పటికే ఆమె పేరు ముందు 'కాంగ్రెస్ సభ్యురాలు' అన్న మాట చేరింది, అది చేర్చినవి ఆ ఐదు ఓట్లే.